లినక్సు ప్యాకేజీలకు సొంత భాండాగారము

కంప్యూటరునకు ఒక క్రొత్త ప్రోగ్రాము కావలసివచ్చినపుడు ఇంటర్నెట్టంతయు గాలించి, ముక్కుమొగము తెలియనివారి సైటునుండి దానిని దించుకొని, దానితోడ మరేమి వచ్చి తగులుకొనునో అను శంకతో మీటలు నొక్కుచు కూర్చుండు అవస్థ లినక్సు వాడువారికి అంతగా లేదు. అచట ప్రోగ్రాములన్నియు ప్యాకేజీల రూపమున ఒక భాండాగారమునందు పేర్చబడి యుండుటయు, ఒక్క ఆజ్ఞ ఇచ్చినంతనే కోరినదానిని, దానికి తోడు కావలసినవానిని గూడ తెచ్చి యథాస్థానమున నిలుపు సాధనము ప్రతి యంత్రమునందును ఉండుటయు అందులకు కారణము. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సు కెర్నెల్‌ను వెలువరించిన రెండేండ్లకు, 1993 ఆగస్టు 16న, ఇయాన్ మర్డాక్ అను అమెరికను విద్యార్థి డెబియన్ అను లినక్సు పంపిణీని ప్రకటించెను. ప్యాకేజీలను తెచ్చిపెట్టు 'ఆప్ట్' అను సాధనము ఆ డెబియన్‌యందే పుట్టి, 1999 మార్చిలో వెలువడిన 2.1 విడుదలతో జనసామాన్యము చేతికి వచ్చినది. నేడు మన పాఠశాలలలోను, కార్యాలయములలోను కానవచ్చు ఉబుంటునకు మూలము ఆ డెబియనే. 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12లో మొత్తము 64,419 ప్యాకేజీలు ఉన్నవని దాని నిర్మాతలే ప్రకటించిరి.

ఇంతటి మహాభాండాగారము ఉచితముగా అందుబాటులో నుండగా ప్రత్యేకముగా ఒకడు తన కొరకు మరియొకటి కట్టుకొననేల యని అడుగవచ్చును. ఆ వేలకొలది ప్యాకేజీలలో దొరకనిది ఒకటి యుండును. అది మన పనికి మాత్రమే పనికివచ్చునది. తెనాలి వంటి అచ్చుపని ఊరిలో ఒక డీటీపీ కేంద్రమున్నదనుకొందము. పాతికేండ్లుగా 'అను' ఫాంటులలో కూర్చిన పుస్తకములు అచట గుట్టలుగా నుండును. వానిని యూనికోడ్‌లోనికి మార్చక నేడు గతి లేదు. మార్చుటకు ఆ కేంద్రము వారు తమకై ఒక స్క్రిప్టు వ్రాసికొనిరి. ఆ స్క్రిప్టు మొదట ఒక యంత్రమున నుండును. పెన్‌డ్రైవ్ మీద రెండవదానికి పోవును. ప్రూఫులు దిద్దువారి యింటికిని పోవును. కొంత కాలమునకు 'జ్ఞ'కారమునకు ఒత్తు తప్పుచున్నదని ఒకరు కనుగొని, తమ యంత్రమున దిద్దుకొందురు. తక్కిన యంత్రములలో ఆ దోషము యథాతథముగా నుండును. మూడవవారు అదే దోషమును తమ పద్ధతిలో మరియొక విధముగా దిద్దుకొందురు. ఒకే పుస్తకము మూడు యంత్రములమీద మూడు పాఠాంతరములతో బయటికి వచ్చినపుడు గాని, దిద్దుబాటు ఒక చోట జరిగి అన్ని చోట్లకు తనంతట తాను పోవు ఏర్పాటొకటి కావలెనను బుద్ధి పుట్టదు.

ఆ ఏర్పాటే సొంత భాండాగారము, అనగా సొంత రిపో. దీనిని కట్టుట ఒక మధ్యాహ్నపు పని. దీనిని క్రమముగా నుంచుట మాత్రము ఏండ్ల తరబడి చేయవలసిన పని. ప్యాకేజీ ఫైళ్లనన్నిటిని ఒక సర్వరులో ఒక ఫోల్డరునందు పడవేసి అదియే భాండాగారమనుకొనువారు కలరు; అది అటక మీది సామానువంటిది, అన్నియు నుండును, కావలసినపుడు ఏదియు చేతికి రాదు. గుట్టను భాండాగారముగా మార్చునవి మూడు: ఏది ఎచట నున్నదో చెప్పు సూచిక, ఆ సూచిక మనదేయని చెప్పు సంతకము, ఏది ముందో ఏది వెనుకో తేల్చు వెర్షన్ సంఖ్య. ఈ మూడింటిలో మూడవదే అన్నిటికంటె తక్కువగా ఆలోచింపబడి, అన్నిటికంటె ఎక్కువగా బాధించునదని నా అభిప్రాయము.

మొదట ప్యాకేజీయన నేమో ఒకసారి విప్పి చూచుట మంచిది, ఏలయనగా దానిలో మాయ యేమియు లేదు. డెబియన్ ప్యాకేజీ ఫైలును తెరచినచో అందు మూడే వస్తువులుండును. మొదటిది '2.0' అను అంకె మాత్రము వ్రాసియున్న చిన్న ఫైలు. అది ప్యాకేజీ రూపము ఏ తరమునకు చెందినదో తెలుపును. రెండవది కంట్రోల్ భాగము: ప్యాకేజీ పేరు, వెర్షన్, ఏ జాతి ప్రాసెసరునకు తగినది, నిర్వాహకుడెవరు, ఏయే యితర ప్యాకేజీలపై ఆధారపడినది, ఒకటి రెండు పంక్తులలో వివరణ. మూడవది అసలు సరకు, అనగా యంత్రమున చేరవలసిన ఫైళ్లు, ఏ డైరెక్టరీలో చేరవలెనో ఆ క్రమముననే. మన మార్పిడి స్క్రిప్టు ఏ యంత్రముపై నైనను పనిచేయునది గనుక ప్రాసెసరు జాతి యొద్ద 'ఆల్' అని వ్రాసినచో చాలును; అది పైథాన్‌లో వ్రాసినదైనచో 'డిపెండ్స్' అను చోట పైథాన్ పేరు పెట్టవలెను. ఆ పిమ్మట ప్యాకేజీలు కట్టు డీపీకేజీ అను సాధనమునకు కట్టుమని చెప్పినచో క్షణములో కట్టి యిచ్చును. కంట్రోల్ భాగముతో పాటు, స్థాపన ముగిసిన వెంటనే నడువవలసిన చిన్న స్క్రిప్టులను గూడ జతచేయవచ్చును. అవి యంత్రమునందు సర్వాధికారము గల రూటు వాడుకరి పేర నడచునను సంగతి మరువరాదు. ఎవరి భాండాగారమును మన యంత్రమునకు చేర్చుకొందుమో వారి చేతికి ఆ సర్వాధికారమును ఇచ్చినట్లే.

ఇక సూచిక. భాండాగారములో రెండు ప్రధాన శాఖలుండును. 'పూల్' అను శాఖలో ప్యాకేజీ ఫైళ్లు పేరులోని తొలి అక్షరమును బట్టి చిన్న చిన్న డైరెక్టరీలలో నుండును. 'లిబ్' అని మొదలగు పేర్లు లెక్కకు మిక్కిలిగా నుండుటచేత వానికి మాత్రము నాలుగక్షరముల వరకు చూచి వేరువేరు గదులు కట్టిరి. 'డిస్ట్స్' అను రెండవ శాఖలో సరకేమియు లేదు, పట్టికలు మాత్రమే. ఈ విభాగము మొదటినుండి ఉన్నది కాదు. పూర్వము ఒక్కొక్క విడుదలకు ఒక్కొక్క డైరెక్టరీ యుండి, ప్యాకేజీ ఫైళ్లు అందే నివసించెడివి. పరీక్షాదశలో నున్న ప్యాకేజీ స్థిరదశకు ఎక్కినపుడెల్ల ఫైలును ఒక చోటినుండి మరియొక చోటికి కదల్పవలసివచ్చెడిది, లోకమంతట భాండాగారపు ప్రతులను ఉంచు మిర్రర్ సర్వర్లన్నియు అదే ఫైలును మరల దించుకొనవలసివచ్చెడిది. 2000 సంవత్సరాంతమున పూల్ పద్ధతి వచ్చిన పిమ్మట ఫైలు కదలదు. పట్టికలో దాని పేరు ఒక జాబితానుండి మరియొక జాబితాకు ఎక్కును, అంతే. సొంత రిపో ఎంత చిన్నదైనను ఈ విభాగమును పాటించుట నా మాటలో తప్పనిసరి.

పట్టికలలో ముఖ్యమైనది 'ప్యాకేజెస్' అను ఫైలు. ప్రతి ప్యాకేజీ కంట్రోల్ వివరములును, దానితోపాటు ఫైలు చిరునామా, పరిమాణము, షా-256 పద్ధతిచే లెక్కకట్టిన 64 అక్షరముల గుర్తును అందుండును. ఫైలులో ఒక్క బిట్టు మారినను ఆ గుర్తు పూర్తిగా మారిపోవును. ఆ ప్యాకేజెస్ ఫైలు గుర్తును 'రిలీజ్' అను మరియొక ఫైలు మోయును. ఆ రిలీజ్ ఫైలుపై భాండాగార యజమాని జీపీజీ తాళముతో సంతకము చేయును. సంతకము, విషయము ఒకే ఫైలులో కలిసియుండు రూపమునకు 'ఇన్‌రిలీజ్' అని పేరు. ఇట్లు ఒక్క సంతకము నమ్మదగినదైనచో దాని క్రిందనున్న వేల ఫైళ్లన్నియు నమ్మదగినవగును, ఒక్కొక్క ప్యాకేజీకి వేరువేరుగా సంతకము చేయ నవసరము లేదు. అందుచేతనే డెబియన్ మిర్రర్లు నేటికిని సాదా హెచ్‌టీటీపీ మార్గమున ప్యాకేజీలను పంచుచున్నను ప్రమాదము లేదు. నడుమ ఎవడైన ఫైలును మార్చినచో ఆప్ట్ దానిని తిరస్కరించును. పాత సూచికనే మరల మరల చూపి, భద్రతా సవరణ రాలేదని నమ్మించు మోసగాండ్రు ఉండవచ్చును గనుక, ఫలానా తేదీ దాటిన పిమ్మట ఈ సూచిక చెల్లదని రిలీజ్ ఫైలులో గడువు వ్రాయు వీలును గలదు. ఇంత పకడ్బందీగా తోచు ఈ సంతకపు పరీక్ష డెబియన్‌లో 2007 నాటి 4.0 విడుదలతోనే సర్వసామాన్యమైనదనగా, అంతకు పూర్వపు నిశ్చింతను తలచుకొని ఆశ్చర్యము కలుగును.

ఈ పట్టికలను చేతితో వ్రాయ నవసరము లేదు. ఒకే ఫోల్డరును చదివి జాబితా తయారుచేయు చిన్న సాధనములు డెబియన్‌లోనే కలవు. అవి ఇంటి మటుకు చాలును. కొంచెము క్రమము కోరువారికి రెప్రెప్రో, ఆప్ట్‌లీ అను రెండు మంచి సాధనములు గలవు. ఫెడోరా జాతి లినక్సులో క్రియేట్‌రెపో, ఆర్చ్ లినక్సులో రెపో-యాడ్ ఈ పనినే చేయును. డెబియన్ వాడువారు రెప్రెప్రోతో మొదలుపెట్టుట మేలు. ఒక ఫైలులో భాండాగారము పేరు, విడుదల సంకేతనామము, ప్రాసెసరు జాతులు, సంతకము చేయవలసిన తాళము గుర్తు వ్రాసి, ఆ పిమ్మట ఈ ప్యాకేజీని ఆ విడుదలలో చేర్చుమని ఒక్క ఆజ్ఞ యిచ్చినచో, ఫైలును పూల్‌లో తగిన గదిలో నుంచి, పట్టికలు తిరుగవ్రాసి, సంతకము చేసి ముగించును. దానికి ఒక మొండి పట్టుదల గలదు: అదే పేరు, అదే వెర్షన్ గల ఫైలును విషయము మార్చి మరల చేర్పబోయినచో ససేమిరా యనును. క్రొత్తవారికి ఇది విసుగు పుట్టించును. రెండు యంత్రములలో ఒకే సంఖ్య క్రింద రెండు వేరు ప్రోగ్రాములుండు దుస్థితిని అది నివారించుచున్నదని తెలిసిన పిమ్మట ఆ మొండితనముపై గౌరవము పెరుగును. ఆప్ట్‌లీ ప్రత్యేకత వేరు. భాండాగారము ఒకానొక దినమున ఎట్లుండెనో అట్లే ప్రతి తీసి దాచుకొని, కీడు సంభవించినచో ఆ నాటి స్థితికి మరలుటకు వీలిచ్చును.

తాళము సంగతి. దీనికి రహస్యభాగము, బహిరంగభాగము అని రెండుండును. రహస్యభాగము సర్వరులో నుంచరాదు; సంతకములు ఇంటి యంత్రమునందే చేసి, తయారైన ఫైళ్లను మాత్రము సర్వరునకు పంపుట ఉత్తమము, ఏలయనగా భాండాగారమునకు కావలసినది సాదా ఫైళ్లను అందించు సర్వరు మాత్రమే; ఏ చిన్న అపాచీయో ఎన్‌జిన్ఎక్సో చాలును. బహిరంగభాగమును వాడుకరుల యంత్రములలో చేర్చుటకు చిరకాలము 'ఆప్ట్-కీ' అను ఆజ్ఞ నుపయోగించిరి. అది ఇచ్చిన తాళము యంత్రమునందలి భాండాగారములన్నిటికి చెల్లెడిది. మార్పిడి స్క్రిప్టు కొరకు చేర్చుకొన్న తాళముతో ఎవడైన డెబియన్ పేర సంతకము చేసినను ఆప్ట్ ఒప్పుకొనెడిది. అందుచేత ఆ పద్ధతిని త్యజించిరి. ఇప్పుడు తాళపు ఫైలును వేరుగా నుంచి, భాండాగారపు చిరునామా పంక్తిలోనే 'సైన్డ్-బై' అని దాని జాడ వ్రాయవలెను. అప్పుడు ఆ తాళము ఆ ఒక్క భాండాగారమునకే పరిమితము. ఇంటర్నెట్టులో పాత సలహాలు ఇప్పటికిని కోకొల్లలుగా తిరుగుచున్నవి గనుక ఈ మాట నొక్కి చెప్పుచున్నాను.

తాళమునకు గడువు పెట్టుట మంచి అలవాటు, కాని గడువు తీరిన మరుక్షణము వాడుకరుల యంత్రములన్నియు ఆ భాండాగారమును నిరాకరించును. డెబియన్ వారు చూపిన ఉపాయము సులువైనది: తాళములనే ఒక ప్యాకేజీగా కట్టి అదే భాండాగారమున నుంచుట. పాత తాళము బ్రతికియుండగనే క్రొత్త తాళము గల ప్యాకేజీ, పాత తాళపు సంతకము క్రిందనే అందరి యంత్రములకు చేరిపోవును.

వెర్షన్ సంఖ్యల యొద్దకు వత్తము. ఆప్ట్ ఎల్లప్పుడు పెద్ద సంఖ్యవైపే చూచును. ముందుకు పోవుటయే గాని వెనుకకు వచ్చుట దానంతట అది యెరుగదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, దూరయంత్రములలోనికి ప్రవేశించునపుడు అర సెకను ఆలస్యమగుచున్నదేమని వెదకబోయి, ఎక్స్‌జెడ్ అను కుదింపు ప్రోగ్రాము 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి నిర్మించియున్నారని లోకమునకు తెలిపెను. డెబియన్ పరీక్షాశాఖలలో అప్పటికే ఆ వెర్షన్ చేరియున్నది. నమ్మదగిన పాత ప్రతి 5.4.5, కాని దానిని ఆ సంఖ్యతోనే వెలువరించినచో 5.6.1 గల యంత్రమేదియు దానివైపు కన్నెత్తి చూడదు. అందుచేత డెబియన్ వారు దానికి '5.6.1+రియల్లీ5.4.5-1' అని పేరు పెట్టిరి: చూచుటకు 5.6.1కంటె పెద్దది, లోపల నున్నది మాత్రము నిజముగా 5.4.5. చూడ వికారముగా నున్నను ఇంతకంటె నిజాయితీగల వెర్షన్ సంఖ్యను నేను చూడలేదు. ముందు ఒక అంకె, కోలన్ చేర్చి సంఖ్యను ఒక్కసారిగా పెంచు 'ఎపోక్' అను మార్గము గూడ గలదు గాని, దానిని ఒకసారి చేర్చినచో ఇక ఎన్నటికిని తొలగింప వీలుపడదు.

పరీక్షార్థము వెలువరించు ప్రతికి '1.0~ఆర్‌సి1' అని టిల్డ గుర్తుతో సంఖ్య నీయవలెను. టిల్డ గలది టిల్డ లేని 1.0కంటె చిన్నదిగా లెక్కించబడును గనుక, అసలు ప్రతి వచ్చినపుడు అందరికి చక్కగా చేరును. డెబియన్ వారి ప్యాకేజీనే తీసికొని ఏదో చిన్న సవరణ చేసి తన భాండాగారమున నుంచుకొనువాడు ఇంకను జాగరూకుడై యుండవలెను. అతడు 1.2-3 అను సంఖ్య చివర ఇంగ్లీషు అక్షరములలో '+తెనాలి1' అని చేర్చినాడనుకొందము. అది 1.2-3కంటె పెద్దది, రేపు రాబోవు 1.2-4కంటె చిన్నది, ఇంతవరకు సరియే. అయితే డెబియన్ 12 వారు ఆ ప్యాకేజీకే భద్రతా సవరణ వెలువరించి, తమ ఆచారము చొప్పున '1.2-3+డెబ్12యు1' అని పేరు పెట్టినచో, ఆప్ట్ అక్షరక్రమమున పోల్చి, 'టి' అక్షరము 'డి' తరువాతది గనుక తెనాలి ప్రతియే గొప్పదని నిర్ణయించును. భద్రతా సవరణ వాకిట నిలిచిపోవును. '+ఆంధ్ర1' అని పెట్టియున్నచో 'ఎ' ముందుది గనుక చిక్కేలేదు. తెనాలివారికి ఈ తీర్పు రుచింపకపోవచ్చును.

అయినను ఇతరుల ప్యాకేజీలను సవరించి పంచుటకు తొందరపడరాదు. 2006లో డెబియన్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ అను రహస్యలేఖన ప్రోగ్రామునకు సదుద్దేశముతో చేసిన ఒక చిన్న మార్పు, రహస్య తాళములను పుట్టించునపుడు కావలసిన యాదృచ్ఛికతను దాదాపు తుడిచివేసెను. ఒక్కొక్క తరహా తాళమునకు 32,768 అవకాశములే మిగిలెను; 2008 మేలో గాని ఆ సంగతి బయటపడలేదు. డెబియన్ వంటి మహాసంస్థకే అట్లు జరిగినపుడు ఒంటివాని మాట చెప్పనేల?

భాండాగారమున ఏది యుంచవలెనో తలపోయుటకంటె ఏది యుంచరాదో తలపోయుట ముఖ్యము. పోతన2000, వేమన2000, లోహిత్ తెలుగు వంటి ఫాంటులు డెబియన్‌లోనే దొరకును. వానిని మరల కట్టి మన వద్ద నుంచుట వృథాశ్రమ, పైగా వానిలో దోషములు దిద్దబడినపుడు మన ప్రతి పాతబడియుండును. కొని వాడవలసిన వాణిజ్య ఫాంటులను బహిరంగ భాండాగారమున నుంచుట చట్టవిరుద్ధము. జీపీఎల్ లైసెన్సు గల ప్రోగ్రామును కట్టి పరులకిచ్చినచో దాని సోర్సును గూడ అందుబాటులో నుంచవలసిన బాధ్యత మనపై పడును. అందుచేత సోర్సు ప్యాకేజీలను పక్కనే యుంచుట సులభమార్గము. ప్యాకేజీల పేర్లన్నిటికి ముందు ఒకే గుర్తుపదము చేర్చినచో డెబియన్ పేర్లతో ఘర్షణ రాదు. విడుదలల విషయమున రెండు చాలును: తన సొంత యంత్రము మాత్రమే వాడు పరీక్షాశాఖ ఒకటి, తక్కినవారందరు వాడు స్థిరశాఖ ఒకటి.

ఇతరుల రిపోలను చేర్చుకొను వాడుకరులు గూడ ఆప్ట్ ప్రాధాన్యాంకములను తెలిసికొనుట మంచిది. సామాన్యముగా ప్రతి భాండాగారమునకు 500 అంకము. అంకములు సమానమైనచో పెద్ద వెర్షన్ గెలుచును. పరాయి రిపో మొత్తమునకు 100 అంకము నిచ్చి, దానినుండి కోరి తెచ్చుకొను ఒకటి రెండు ప్యాకేజీలకు మాత్రమే 500 ఇచ్చినచో, అది చాటుగా మన యంత్రపు తక్కిన భాగములను మార్పజాలదు. వేయికి మించిన అంకమిచ్చినచో ఆప్ట్ వెనుకటి వెర్షన్‌కు గూడ దిగును. అది అత్యవసరమున తప్ప వాడదగినది కాదు.

తుదకు ఒక ప్యాకేజీతో పని తీరిపోవు దినము వచ్చును. మార్పిడి పూర్తియై, పాత పుస్తకములన్నియు యూనికోడ్‌లోనికి చేరి, స్క్రిప్టు అవసరము లేకపోవును, లేదా దానికంటె మేలైనది మరియొక పేర వచ్చును. భాండాగారమునుండి దానిని తొలగించినంత మాత్రమున వాడుకరుల యంత్రములనుండి అది పోదు. ఏ భాండాగారమునకు చెందని అనాథవలె అచటనే పడియుండి, దిద్దుబాట్లు లేక పాతబడును. క్రొత్త పేర ప్యాకేజీ యున్నచో, పాత పేరుతోనే సరకులేని ఒక ప్యాకేజీని పెద్ద సంఖ్యతో వెలువరించి, దానిని క్రొత్తదానిపై ఆధారపడునట్లు కట్టవలెను. యంత్రములు దానిని తెచ్చుకొనగా క్రొత్తది వెంట వచ్చును, పాత ఫైళ్లు తొలగిపోవును. క్రొత్తదేదియు లేనిచో వాడుకరులకు ముందుగా తెలిపి, తీసివేయుమని కోరుట తప్ప మార్గము లేదు. ఆ ఖాళీ ప్యాకేజీని గూడ తరువాతి డెబియన్ విడుదల వచ్చు వరకు తీయరాదు. ఏడాదికొకసారి గాని అప్‌డేట్ చేయని యంత్రములు ప్రతి కార్యాలయమునందును ఒకటి రెండు ఉండనే యుండును.